బోర్లించిన రాయి

అన్యాయం జరిగింది ఎవరికి? యలమందకు.

ఎలా జరిగింది? ఇరవై ఏళ్ళు తాను కాపాడుకుంటూ వచ్చిన వాకిట్లో ఒక్కటంటే ఒక్క రాయి అడిగాడు. ఇవ్వలేదు. ఇవ్వకపోగా గెంటేశారు.

గెంటింది శ్రీరమ్య. చిలకలూరిపేటలో పత్తి మిల్లు నడిపే నాగేంద్రబాబుకు ఒక్కగానొక్క కూతురు. ఊహ తెలిసినప్పటి నుంచి గుంటూరు హాస్టళ్ళలోనే పెరిగి, రెండువేల మూడులో చదువు ముగించుకుని ఇల్లు చేరింది. ఇంటి చుట్టూ పరిచిన దాచేపల్లి నాపరాళ్ళు ఆమె కంటికి ఆనలేదు. వాటిని పెరికించి రంగుల సిమెంటు పలకలు వేయించడానికి ఉస్మాన్ మేస్త్రిని పిలిపించింది.

కార్తీకమాసం. ఉదయం.

చేతిపంపు పక్కన ఒక ముసలాయన గొంతుకూర్చుని, కర్ర సుత్తితో ఒక్కొక్క రాయినీ తట్టి చెవి ఒగ్గి వింటున్నాడు. చెప్పులు గేటు బయటే విడిచి వచ్చాడు.

"ఎవరు నువ్వు?" అంది శ్రీరమ్య.

"యలమందనమ్మా. రాళ్ళు పరిచేవాణ్ణి. ఏటా వానలు వెనకబట్టాక వస్తా. అడుగున ఇసుక కొట్టుకుపోయి ఉంటది. డొల్లగా మోగిన రాయిని లేపి, ఇసుక కూరి, మట్టం చేసి, పాచి గీకి పోతా."

"ఎవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదమ్మా."

"కూలి?"

"కూలి వద్దమ్మా."

ఊరికే చాకిరీ చేసే మనిషిని శ్రీరమ్య అంతకుముందు ఎరగదు. ఎరగని దాన్ని ఆమె నమ్మలేదు.

"ఇక నీకా శ్రమ అక్కర్లేదు. ఇవన్నీ పీకేస్తున్నాం."

సుత్తి ఆగింది.

"అన్నీనా అమ్మా?"

"అన్నీ. మిల్లు వెనక గోతిలో పోయిస్తాను."

"అయితే ఈ పంపు పక్క రాయొక్కటి నాకు ఇప్పించండి. నేనే లేపుకుంటా. దీనిమీద గడ్డపార పడనీయకండి, మీకు పుణ్యముంటది."

ఉస్మాన్ నవ్వాడు. "ఏం తాతా, దాని కింద లంకెబిందెలేమన్నా దాచావా?"

యలమంద నవ్వలేదు. శ్రీరమ్య వైపు తిరిగాడు.

"తమరు బాబుగారి అమ్మాయా?"

"అవును."

"తమరి తోడబుట్టినవాళ్ళు..."

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే. నీకెందుకు?"

అతను ఆమె పాదాలు చూశాడు. అక్కడి నుంచి నిదానంగా, తొందర లేకుండా, తలదాకా చూశాడు. అప్పుడు నవ్వాడు.

శ్రీరమ్య ముఖం ఎర్రబడింది.

"సిగ్గు లేదూ? ఈ వయసులో ఏమిటా చూపు? రాయీ లేదు, గీయీ లేదు. బయటికి నడు!"

యలమంద సుత్తి సంచిలో వేసుకుని, ఆ రాయిని ఒకసారి అరచేత్తో తుడిచి, వెళ్ళాడు. గేటు ఆమే మూసింది.

మిల్లుకు ఫోను చేసి తండ్రికి చెప్పింది.

"యలమంద అట నాన్నా. ఎవరతను?"

"నీతో ఏమన్నా చెప్పాడా?"

"రాయి అడిగాడు."

"అంతేగా. పోయాడుగా. వదిలెయ్."

నాలుగో రోజున పని పంపు దగ్గరికి వచ్చింది. గడ్డపారతో రాయిని తిరగేసిన ఉస్మాన్ కూర్చుండిపోయాడు.

"అమ్మా, ఒకసారి ఇట్లా రండి."

పైముఖం అరిగి నున్నబడ్డ ఆ రాయికి అడుగుముఖాన ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి. సందుల్లో మట్టి కూడా లేదు. ఏటేటా ఎవరో కడిగినట్టున్నాయి.

'వీరమ్మ. 14-11-1982.'

"పేరు మీద ఎవరి కాలూ పడకూడదని బోర్లించాడమ్మా ఆ తాత," అన్నాడు ఉస్మాన్.

భోజనానికి వచ్చిన తండ్రిని శ్రీరమ్య అడిగింది.

"వాడి పెళ్ళాం," అన్నాడు నాగేంద్రబాబు, కంచంలోంచి తల ఎత్తకుండా. "ఈ వాకిలి పరిచేటప్పుడు రాళ్ళు మీదపడి పోయింది. తాగి పనిలోకి వచ్చింది. కాగితాల్లో కూడా అదే ఉంది."

తాగినదైనా, కానిదైనా, భార్య పేరున్న రాయిని అడిగిన మనిషిని తాను ఏమని గెంటింది? శ్రీరమ్య కంచం ముందు నుంచి లేచింది. మిల్లు కూలీల దగ్గర యలమంద ఊరు తెలుసుకుని, ఉస్మాన్ చేత రాయిని జీపులోకి ఎక్కించి, అతన్నీ వెంటబెట్టుకుని దాచేపల్లి గనుల పక్కనున్న ఆ పల్లెకు బయలుదేరింది.

గుడిసె ముందు ఒక ముసలామె పత్తికాయలు ఒలుస్తోంది. యలమంద అక్క, పిచ్చమ్మ.

"యలమందగారున్నారా?"

"మట్టిచేసి మూడు రోజులైందమ్మా."

ఉస్మాన్ రాయి దించాడు. పిచ్చమ్మ అక్షరాల వెంట వేలు పోనిచ్చింది.

"నాకు చదువు రాదు. ఈ పేరు మాత్రం గుర్తుపడతా. మా మరదలు."

"ఆమె... తాగి..."

"ఎవరమ్మా అన్నది? కల్లు వాసన ఎరగదు మా వీరమ్మ. గోడకు చేరేసిన రాళ్ళు జారుతుంటే, కింద పాకుతున్న ఆ ఇంటి పసిదాన్ని ఇవతలికి నెట్టింది. తను నలిగిపోయింది. ఎక్కడ కేసవుద్దోనని ఆ అయ్య తాగిందని రాయించాడు."

శ్రీరమ్య జీపు తలుపు పట్టుకుంది.

"అలాంటి ఇంటికి మీ తమ్ముడు ఏటా ఎందుకు వెళ్ళాడు?"

"నేనూ అట్లాగే తిట్టేదాన్ని. 'ఆ పిల్ల ఆ రాళ్ళమీదేగా అక్కా నడిచేది, కాలు జారితే వీరమ్మ చచ్చి ఏం లాభం' అనేవాడు. పిల్ల ఎక్కడో హాస్టల్లో ఉందంట, ఒక్కసారీ కంటపడలేదు. ఇంతకీ నువ్వెవరమ్మా?"

శ్రీరమ్య చెప్పులు విడిచి రాయి పక్కన కూర్చుంది.

పిచ్చమ్మ రాతి మీద చెయ్యి తీయకుండా అంది:

"మొన్న పేట నుంచి వచ్చి, ఎన్నడూ లేనిది కడుపునిండా తిని పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు. పడుకోబోయే ముందు, 'అక్కా, వీరమ్మ బతికించిన పిల్ల కనపడింది, రెండు కాళ్ళమీద నిటారుగా నిలబడి నన్ను తిట్టి గేటేసింది, ఆ ఇల్లు మనకు పడ్డ బాకీ ఇవాళ్టితో పూర్తిగా తీరిపోయింది' అన్నాడు."