రాసినవాడు ఎల్లస్వామి

"ఈ రాత నీ కొడుకుదేనయ్యా పెద్దులూ!" అన్నాడు తాసీలు కచేరీ గుమాస్తా, చేతిలోని కాగితం అడుగున వేలు పెట్టి. "ఇగో, రాసినవాడు ఎల్లస్వామి, మైనింగు డిప్లొమా, రెండో సంవత్సరం. సదువు గూడ రాసుకున్నడు."

పెద్దులు సంబరంగా నవ్వాడు. కొడుకు రాతను మెచ్చుకునేవాళ్ళు దేవరకొండలో అతనికి కొత్త కాదు.

"మా దరఖాస్తు ఇంకా రాయనే లేదు గద సారూ?"

"నీది గాదయ్యా. గిది నీ మీద వచ్చిన దరఖాస్తు."

నవ్వు సగంలో ఆగింది. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి బావిలో బండ తగిలినా పెద్దులుకే కబురు వస్తుంది. బండకు తూట్లు పొడిచి, తోటాలు కూరి, వత్తి ముట్టించి పేల్చడం అతని పని. లైసెన్సు లేకుండా పేలుస్తున్నాడని ఎవరో దరఖాస్తు పెట్టారు. మూడు రోజుల కిందట పోలీసు అమీను మనుషులొచ్చి తోటాల పెట్టె జప్తు చేసుకుపోయారు. ఆ పెట్టె విడిపించుకుందామని, సెలవులకు వచ్చిన కొడుకును అర్జీ రాయడానికీ, పెళ్ళాం గోపమ్మను తోడుకీ వెంటబెట్టుకుని వచ్చాడు. దరఖాస్తు పెట్టింది తనకు పోటీదారైన పక్కూరి తోటాల లింగస్వామేననుకుని మూడు రోజులూ నోరారా తిట్టిపోశాడు. తిట్లన్నీ దండగైపోయాయి.

"ఎల్లిగా, నువ్వేనారా?"

"నేనే రాసిన బాపూ."

కచేరీ అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చున్న గోపమ్మ రొట్టెల మూట ఒళ్ళోకి లాక్కుంది.

"ఎందుకు రాసినవ్?"

"మంగళారం నువ్వు చేసిందేంది? రెండు తోటాలు పేలలే. బీడీ సగం గూడ కాలలే, మళ్ళ బాయిల దిగి గడ్డపారతోని పొడుస్తున్నవ్. పేలని తోటను ముట్టొద్దు, అరగంట దాక దగ్గరికి పోవద్దు అని మా కాలేజీల మొదటి దినమే చెప్తరు."

"తాతకు దగ్గులు నేర్పుతున్నవా? ఇరవై ఏండ్ల సంది పేలుస్తున్న. నాకేమైంది?" అని పెద్దులు చెయ్యెత్తాడు.

ఆ చేతికి ఉన్నవి మూడు వేళ్ళే. మిగతా రెండూ ఏ బావిలో పోయాయో ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా వాదనకు దిగితే ఆ చెయ్యే ఎత్తడం అతని అలవాటు.

గుమాస్తా ఆ చేతిని చూసి తల దించుకున్నాడు.

"నేను బండలు పేలిస్తేనే గదరా నీకు కాలేజీ! నా తోటాలతోని సదివి, నా మీదనే దరఖాస్తు రాస్తవా?" లింగస్వామి చేసి ఉంటే పగవాడని సరిపెట్టుకునేవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడు కడుపున పుట్టినవాడే అయ్యేసరికి ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. "ఎవరు జెప్పిండ్రు నీకు? లింగస్వామా? ఏం ఆశ జూపిండు?"



పెద్దులు బల్ల మీది కలం తీసి కొడుకు చేతిలో కుక్కాడు. "రాయి. నేను రాసింది అబద్ధం, దరఖాస్తు వాపసు తీసుకుంటున్న అని రాయి. ఇప్పుడే."

ఎల్లస్వామి కలం వంక ఒక్క క్షణం చూసి, దాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"రాయను బాపూ."

"అయితే రేపటి సంది కాలేజీ లేదు. తట్ట పట్టుకోని కూలికి పో."

"పోత. నువ్వు బాయి దిగకుంటే చాలు."

కుర్రవాడికి ఆ చదువంటే ప్రాణం. ఇంకొక్క ఏడాది ఆగితే గనిలో కూలీల మీద అజమాయిషీ చేసే ఓవర్‌మన్ పని దొరుకుతుందని ఊరంతా చెప్పుకునే మాట. పెద్దులు మొహం అటు తిప్పుకున్నాడు.

"ఏంది మీ లొల్లి?" అని విసుక్కున్నాడు గుమాస్తా. "అసలు వీడు రాస్తే చెల్లదు. వీడు ఉత్త రాసినోడే. వాపసు తీసుకోవాలంటే దరఖాస్తు మీద నిశాని పెట్టినోళ్ళే రావాలె."

"నిశానా?"

"మరి? కింద బొటనవేలు ముద్ర ఉన్నది. మొత్తం సదువుదామంటే నువ్వు ఇననిస్తివా? కొడుకు పేరు ఇనంగనే ఎగిరితివి."

పెద్దులుకు పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. అంటే కొడుకు ఒట్టినే రాసిపెట్టాడు, వెనక ఇంకెవరో ఉన్నారు. అనుకున్నట్టే అయింది! చదువురాని లింగస్వామి కాకపోతే ఇంకెవడు వేలు ముద్ర వేస్తాడు?

"ఎవరో జెప్పు సారూ, వాని కాళ్ళన్న మొక్కి తోలుకొస్త. నా పెట్టె నాకొస్తే అంతే చాలు. గీడు కొడుకైతేంది, కొరివైతేంది!" అని పెళ్ళాం వైపు తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "లేవే గోపమ్మా, పోదాం. ఇగ నాకు ఈ లోకంల నువ్వొక్కదానివే నా మనిషివి."

గోపమ్మ లేచింది. రొట్టెల మూట కొడుకు చేతికిచ్చి, మొగుణ్ణి దాటుకుని, గుమాస్తా బల్ల ముందుకు వచ్చి నిలబడింది.

"నిశాని నాదే సారూ. వాపసు తీసుకోను."