నడిస్తే ఎన్నాళ్లు?

"పెట్టె మీద చెయ్యి పడిందంటే ఇరిచేస్తా!" అంటూ తిప్పయ్య బొమ్మల పెట్టె మీదెక్కి కూర్చున్నాడు.

కొడుకు జయరాముడికి ఒళ్లు మండింది. "ఏడాదైంది నాయనా, నువ్వీ పెట్టె తెరవనీక! రేపు గోరంట్లలో ఆట. వానకోసం ఆడమని ఊరంతా అడుగుతాండారు. కొత్త సీతమ్మను చేసినా. లోపల పెట్టనీ."

"పాతామెకు కర్మ చేయకుండా కొత్తామెను యాడ పెడతావురా?"

తోలుబొమ్మలాట వాళ్ల ఇళ్లలో అంతే. బొమ్మ పోతే మనిషి పోయినట్టే. కర్మ చేసి ఏట్లో కలిపాకే దాని చోటు ఇంకోదానికి. ఆ పాత సీతమ్మను ముప్పై ఏళ్లు ఆడించి, గొంతిచ్చింది తిప్పయ్య భార్య తిరుపాలమ్మ. ఆమె చనిపోయినా ఆమె గొంతు ఆ తోలులోనే ఉందని ముసలాయన నమ్మకం. అలాంటి బొమ్మను జయరాముడు 2002లో యూరప్ ఆటలకు తీసుకుపోయి, వట్టి చేతులతో వచ్చాడు.

"ఇంగోసారి చెప్పు. యాడ పోగొట్టినావు?"

"ఎన్నిసార్లు చెప్పల్ల? పారిస్ నుంచి బెర్లిన్‌కు పోతాంటే, విమానంలో."

"ఎంత దూరం?"

"తొమ్మిదినూర్ల కిలోమీటర్లు కూడా లేదు. గంటా ముప్పావు."

"గంటా ముప్పావుకు మన ఎర్రబస్సు కదిరి కూడా చేరదు. అంతలో ఆకాశంలో ఎవురెత్తకపోయినార్రా? రావణుడు మన పెట్టెలోనే ఉండె గదా!"

జయరాముడు తల దించుకున్నాడు. ఏడాదిగా అతని కంటికి నిద్ర లేదు. కళ్లు మూస్తే చాలు, అమ్మ గొంతు. మొదట్లో ఎక్కడో దూరంగా వినపడేది. రోజురోజుకూ దగ్గరవుతోంది. అతనికి భయంగా ఉంది.

"సరే, బెర్లిన్ నుంచి మనూరికి?"

"ఏడువేలు. విమానంలో పది పన్నెండు గంటలు."

"ఆమెకు టికెట్టు ఎవురు కొన్నార్రా? నడిస్తే ఎన్నాళ్లు?"

తిప్పయ్యే వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"నేను చెప్తా. దినానికి ఇరవై కిలోమీటర్ల లెక్కన మూడునూర్ల యాభై దినాలు. రాముడెంట అడవులు నడిచిన తల్లి, రాకుండా ఉంటాదా అని కాసుకోనుండా." ముసలాయన పెట్టె మూతను అరచేత్తో నిమిరాడు. "నిన్నటితో ఆ దినాలూ తీరె. రాలేదు. కానీండి, కర్మ చేసేద్దాం."

ఆయన పెట్టె దిగాడు. శవం దొరకని మనిషికి చేసినట్టే దర్భలతో చిన్న బొమ్మ కట్టారు. ఏట్లో చుక్క నీళ్లు లేవు కాబట్టి జయరాముడి భార్య చిన్నక్క బిందెతో తెచ్చింది. జయరాముడికి గుండె మీది బండ దిగినట్టయింది. ఈ రాత్రి నుంచి ఆ గొంతు వినపడదు.

సీతమ్మను చుట్టిన పాత పసుపుగుడ్డ కూడా కర్మలో కలపాలి. దానికోసం చిన్నక్క పెట్టె మూత ఎత్తింది. "మామా!" అని కేకేసి అక్కడే కూలబడింది.

రాముడి పక్కన, తన చోట్లో, సీతమ్మ పడుకొని ఉంది. పాదాల తోలు చీలమండల దాకా అరిగిపోయింది. తిప్పయ్య ఆ పాదాలు ఒళ్లోకి తీసుకుని బావురుమన్నాడు.

జయరాముడి చూపు ఆమె మెడ దగ్గరే ఆగిపోయింది. బెర్లిన్‌లో ఒక మ్యూజియానికి ఆమెను అమ్మిన రోజు, అతను తన చేతులతో కట్టిన నంబరు చీటీ అక్కడ వేలాడుతోంది.