బెల్లుకు కాస్త ముందు

“మా చేతుల్లో ఏమీ లేదండీ. ఇలాంటి పిల్లలకని వేరే బళ్లున్నాయి. అవినాష్‌ను అక్కడ చేర్చడమే అందరికీ మంచిది,” అంటున్నాడు ప్రిన్సిపాల్ కామేశ్వరరావు.

ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆలస్యంగా వచ్చిన ఉమాశ్రీకి గుమ్మంలోనే ఆ మాట వినబడింది. ఆమె స్పెషల్ ఎడ్యుకేటర్. మామూలు పద్ధతిలో చదువుకోలేని పిల్లలకు వాళ్ల పద్ధతిలో నేర్పడం ఆమె పని. హఫీజ్‌పేట్ నుంచి ఖాజాగూడలోని ఈ బడికి కొత్తగా వస్తోంది.

మూడో తరగతి చదివే అవినాష్‌కు ఆటిజం ఉంది. కిందటి వారం సాయంత్రం బెల్లు మోగగానే వాడు చెవులు మూసుకుని పరుగెత్తుతూ, మెట్ల మీద తన క్లాసు పాపను తోసేశాడు. ఆ పాప చెయ్యి విరిగింది. ఆ తర్వాతే ఉమాశ్రీని పిలిపించారు. క్లాసులో కూర్చుని పిల్లవాణ్ని గమనించింది, వాళ్ల నాన్న శేఖర్‌తో ఫోన్లో మాట్లాడింది. ఇంటివాళ్లను చూడడం మాత్రం ఇదే మొదలు.

ప్రిన్సిపాల్ ఎదురుగా ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఇద్దరి మెడల్లోనూ ఆఫీసు కార్డులు. శేఖర్ తల వంచుకున్నాడు.

“మావోడు కావాలని చేయలేదు సార్. ఇంట్లో కుక్కరు కూత పెట్టినా మంచం కిందికి దూరుతాడు. అయినా తప్పు తప్పే. మీరు పొమ్మంటే పిల్చుకొని పోతాం.”

“ఎక్కడికీ తీసుకెళ్లే పని లేదు,” అంది పక్కనున్న ఆవిడ. గొంతు పెంచలేదు, కానీ మాటలో తడబాటు లేదు.

అతనిది సీమ యాస, ఆవిడది గోదావరి వైపు మాట. ఆఫీసులో పరిచయమై పెళ్లి చేసుకున్న జంట కాబోలు అనుకుంటూ ఉమాశ్రీ కుర్చీ లాక్కుంది.

“సంయుక్త గారూ, మీరు ఇలా అంటారనుకోలేదు,” అన్నాడు కామేశ్వరరావు నొచ్చుకున్నట్టు. “పేరెంట్స్ గ్రూపు చూస్తున్నారుగా? వాడుంటే మా పిల్లల్ని పంపేది లేదంటున్నారు. రేపు మళ్లీ ఏమైనా జరిగితే?”

“జరగకుండా చూడమనే కదండీ నేనడిగేది! వాణ్ని పంపేసినా మెట్లు అవే, ఆ తోపులాటా అదే. అందరితో పాటే చదివించాలని, వాడికి తగ్గ ఏర్పాట్లు చేయాలని చట్టమే చెబుతోంది. ఇంకో సంగతి. అవినాష్ తోశాడని క్లాసులో పిల్లలెవరూ అనడం లేదు. భయపడ్డాడు అంటున్నారు. పిల్లలకు అర్థమైంది మనకు కాకపోతే ఎలా?”

ఆవిడ ఉమాశ్రీ వైపు తిరిగింది. “ఏం చేస్తే వాడు ఇక్కడే బాగా చదువుకుంటాడో మీరు చెప్పండి మేడం. మొదటి నుంచీ చెప్పండి.”

ఇలాంటి గదుల్లో ఏడ్చే తల్లుల్ని చూసింది ఉమాశ్రీ. విసురుగా లేచి వెళ్లిపోయేవాళ్లనూ చూసింది. ఇంత నిబ్బరంగా, దారి అడిగే మనిషిని చూడడం మాత్రం కొత్త. ఆమెకు ఉత్సాహం వచ్చింది.

“ముందు డాక్టరు, సైకాలజిస్టు చూడాలండీ. వాడికి ఏది తేలికో, ఏది కష్టమో తెలుస్తుంది. తర్వాత ఇంటివాళ్లు, క్లాసు టీచరు, నేను కలిసి వాడొక్కడి కోసమే ఒక ప్రణాళిక వేసుకోవాలి. చదువులో ఏం నేర్పాలి, క్లాసులో ఏం మార్చాలి, అన్నీ అందులో ఉంటాయి. కొన్ని నెలలకోసారి మళ్లీ కూర్చుని, పనిచేయనిది మార్చుకుంటూ పోవాలి.”

“ఇవాళే మొదలుపెట్టగలిగింది ఏమైనా ఉందా?”

“ఉంది. బెల్లుకు కాస్త ముందే వాణ్ని నెమ్మదిగా మెట్లు దింపేయడం.”

“రోజూ వాడి వెంట ఎవరుంటారండీ? మనుషులెక్కడ?” అన్నాడు కామేశ్వరరావు.

“మనిషి దొరికేదాకా నేనొస్తాను,” అంది సంయుక్త. “సాయంత్రాలు రావాల్సొస్తుందేమోనని ఆఫీసులో ముందే అడిగి ఉంచాను.”

శేఖర్ తలెత్తి ఆవిడ వంక చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

కామేశ్వరరావు కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. “మీరే ఇలా అంటుంటే నేను కాదనేదేముంది? అవినాష్ ఇక్కడే ఉంటాడు. కానీ గ్రూపులో వాళ్లకు మీరే చెప్పాలమ్మా.”

సంయుక్త అక్కడే ఫోన్ తీసి, గ్రూపులో రాయడం మొదలుపెట్టింది.

శేఖర్ కొడుకును తీసుకురావడానికి పైకి వెళ్లాడు. ఆడవాళ్లిద్దరూ వరండాలోకి వచ్చారు. ఉమాశ్రీ ఉండబట్టలేక ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“మీలాంటి అమ్మ ఉండడం అవినాష్ అదృష్టమండీ.”

“అయ్యో, వాళ్లమ్మను నేను కాదండీ,” అంది సంయుక్త. “ఆవిడ కాన్పుకని కడపలో ఉన్నారు.”

“మరి మీరు?”

“చెయ్యి విరిగింది మా పాపకే.”