గోరింటాకు పెట్టిన సాయంత్రం

ఆషాఢం వచ్చిందని తులసమ్మ గోరింటాకు రుబ్బి, చూపులేని కోడలు కమలిని పది వేళ్లకూ టోపీల్లా నిండుగా పెట్టేసింది. పెట్టాక గానీ ఇద్దరికీ గుర్తు రాలేదు, కమలిని చదివేది ఆ వేళ్ల కొసలతోనే అని.

చూపున్నవాళ్లు కూడా బళ్లో బ్రెయిలీ చుక్కల లిపి నేర్చుకునే కాలమది. తలుపు, పొయ్యి, పప్పు డబ్బా, ఏది తాకినా దాని మీద చుక్కలు లేచి సంగతి చెబుతాయి. ఆ ధైర్యంతోనే పొద్దున కమలిని మొగుడు శేషు వంటింటి డబ్బాలన్నీ తారుమారు చేశాడు.

"చుక్కలున్నాయిగా, ఎక్కడ పెడితే ఏం?" అన్నాడు.

"నా చెయ్యి చోటుని బట్టి పోతుంది, చుక్కల్ని బట్టి కాదు" అని కమలిని గొడవపడితే, అలిగి డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు బల్ల మీద, దూరం నుంచి పంపిన కబుర్లు చుక్కలై లేచే పలక టకటకమంది. శేషు దగ్గర్నుంచి కబురు.

"నేను చదవనా?" అంది తులసమ్మ చెయ్యి చాపుతూ.

"వద్దత్తయ్యా!"

కాసేపాగితే చుక్కలు అణిగిపోతాయి. చేతులు కడిగేస్తే గోరింటాకు పండదు. కమలిని బల్ల మీదికి వంగి, పెదవులతో పలకను మెల్లగా తడిమింది. 'తప్పు నాదే. రాగానే డబ్బాలు ఎక్కడివక్కడ పెట్టేస్తాను.'

"ఏమంటాడు?"

"డబ్బాలు సర్దుతాడట."

"అంతేనా? ఆ మాత్రానికి మళ్లీ చదువుతున్నావేం?"

"అంతే అత్తయ్యా" అంది కమలిని, పలక మీంచి మొహం ఎత్తకుండానే.