పీత డిప్ప కొండ

“ఇది మా బారువ. మా గోడకే ఉంటాది!” ఫోటో ఫ్రేమును ఒక చివర పట్టుకుని అంది సన్యాసమ్మ.

“కల్లు గానీ పోయేయేటే? ఇది మా కళింగపట్నం. మా ఇంటికే ఎల్తాది” రెండో చివర గుంజింది పక్కింటి నాగేశ్వరి.

సుత్తీ మేకూ పట్టుకుని నిలబడిపోయింది సన్యాసమ్మ మనవరాలు సునీత. కాలేజీ ప్రదర్శన నుంచి ఆ ఫోటో బెంగాలీల మహానగరంలో, వాట్‌గంజ్‌ పేటలోని ఇంటికి వచ్చి పావుగంట కూడా కాలేదు.

“మామ్మా, అది ఏ ఊరూ కాదు. బక్‌ఖాలీ బీచ్‌లో తీశాను. అంతా కలిపి జానెడు లేదు. ఆ కొండ పీత డిప్ప. ఆ తోట ఎండిన నాచు. ఆ ఏరు, అల వెనక్కి పోతూ ఇసకలో గీసిన గీత.”

“నువ్వూరుకోయే గుంటా, నీకేటి తెల్సు?” ఇద్దరూ ఒక్కసారే కసిరారు.

“ఈ సరుగుడు తోటలోనే మాయమ్మ పుల్లలేరీది.” సన్యాసమ్మ వేలు అద్దం మీద మెల్లగా జరిగి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆగింది. “ఇక్కడ మోకాల్లోతే నీలు.”

“ఆ మొగ వంశధారదే! తెల్లారీసరికి తెప్పలన్నీ ఇక్కడికే వచ్చీవి. ఎండుసేపల వాసన కొండదాకా...” నాగేశ్వరి అద్దం మీదికి వంగి వాసన పీల్చింది. అంతలోనే కొంగు బిగించింది. “ఇది నీ గోడెక్కిందా, మరి నీ గడప తొక్కను.”

సునీతకు భయమేసింది. వీళ్లిద్దరూ ఒక గ్లాసు టీ రెండు చేసుకుని తాగని పొద్దును ఆమె పుట్టాక చూడలేదు. చదువుకున్న బుర్రకు ఒక ఉపాయం తట్టింది.

“తగువెందుకు? షాలిమార్‌ స్టేషన్లో రైలెక్కుదాం. రెండు ఊళ్లూ మీరే చూపించండి. ఏది ఇలా ఉంటే ఫోటో వాళ్లది. రేపే టికెట్లు తీస్తాను.”

నాగేశ్వరి ఫ్రేమును కొంగుతో తుడిచి సన్యాసమ్మ ఒళ్లో పెట్టింది.

“నీకాడే ఉండనీయే.”

“నాకొద్దు. నువ్వే అట్టుకెల్లు.”

“ఇప్పటిదాకా జుట్టూ జుట్టూ పట్టుకున్నారు, ఇప్పుడేమైంది? ఊరు చూడాలని లేదా?” ఉక్రోషంగా అంది సునీత.

నాగేశ్వరి తల దించుకుంది. సన్యాసమ్మ ఫోటోలోని కొండ మీంచి చూపు తిప్పకుండానే అంది.

“దారి సెప్పమంటావేటో అని బయమే. మేమిద్దరం ఈ వాట్‌గంజ్‌లోనే పుట్టేం. ఆ ఊళ్లు సూసింది మాయమ్మలు... మేం ఒక్కపాలీ ఎల్లనేదు గుంటా.”