తిథి లేని తద్దినం

డోర్‌బెల్ మోగింది. ఎనభై ఏడేళ్ల కోటేశ్వరరావు చేతికర్ర మాట కూడా మరిచిపోయి గుమ్మం వైపు పరుగెత్తాడు.

"తాతయ్యా, స్లో! జస్ట్ ప్యాకేజీ!" అని అరిచింది మనవరాలు నీహారిక.

ఆయన వింటేగా! తలుపు బార్లా తీసి, డెలివరీ మనిషి వద్దంటున్నా మంచినీళ్ల సీసా చేతిలో పెట్టి గానీ వదల్లేదు. అమెరికాలోని బాతెల్ ఊళ్లో ఆ వీధికొచ్చే డెలివరీ వాళ్లందరికీ ఈ తాతగారి నీళ్లు అలవాటే. ఇంట్లో వాళ్లు 'మన చలివేంద్రం' అని ఆయన్ని ఏడిపిస్తుంటారు.

ఈరోజు మాత్రం నీహారికకు నవ్వు రాలేదు. లాప్‌టాప్‌లో ఓ ఈమెయిల్ వచ్చి ఉంది.

రెండేళ్లుగా తాతా మనవరాళ్లది ఒకటే వెతుకులాట. తాతయ్య తండ్రి శోభనాద్రి రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా వెళ్లి, సింగపూర్‌లో జపాన్ వాళ్లకు పట్టుబడ్డాడు. నలభై అయిదు మార్చిలో, చనిపోయినట్టు భావిస్తున్నామని ఇంటికి టెలిగ్రాం వచ్చింది. ఏ రోజు పోయాడో అందులో లేదు. ఏడేళ్ల కోటేశ్వరరావు చేత కర్మ చేయించి పిండం పెట్టించారు. తిథి తెలియదు కాబట్టి అప్పటినుంచీ ఏటా మహాలయ అమావాస్యకే తద్దినం.

"నాన్న యుద్ధంలోనే పోయాడని ఒక్క కాగితం చూపించమ్మా. తేదీ కనిపిస్తే చాలు, నిశ్చింతగా కళ్లు మూస్తాను" అనేవాడు.

యుద్ధం అయిపోయాక తయారైన కాగితాల జోలికి మాత్రం వెళ్లనిచ్చేవాడు కాదు. అవి దండగ అనేవాడు. మొండిమనిషి. ఎంత చెప్పినా వినడు.

ఈసారి నీహారిక ఆయనకు చెప్పకుండా ఆ కాగితాలే అడిగింది. పసిఫిక్ దీవుల్లో అమెరికన్ సైన్యం విడిపించిన ఖైదీల జాబితా వచ్చింది. పేరు, తండ్రి పేరు, ఊరు ఆగిరిపల్లి. అన్నీ సరిపోయాయి.

తాతయ్య పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"తాతయ్యా, ముత్తాత వార్‌లో చనిపోలేదు. సెప్టెంబర్ ఫార్టీఫైవ్‌లో రిలీజ్ చేశారు. నెక్స్ట్ ఇయర్ షిప్‌లో మద్రాస్ పంపించారు."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సరిగ్గా చూశావా తల్లీ?"

"త్రీ టైమ్స్ చూశాను. షిప్ ఎక్కేముందు చేసిన సైన్ కూడా ఉంది."

"ఈ కాగితమైనా కాదంటుందనుకున్నాను" అంటూ ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏడవకు తాతయ్యా. మద్రాస్ వచ్చాడు, ఇంటికి రాలేదు, అంతే కదా? మధ్యలో ఏమైందో అది కూడా ట్రేస్ చేద్దాం."

"అక్కర్లేదమ్మా" అన్నాడు గుమ్మంకేసి చూస్తూ. "ఈ మాట అమ్మ పోయేదాకా అమ్మకి కూడా చెప్పలేదు. ఓ సాయంత్రం నేనొక్కణ్ణే ఇంట్లో ఉన్నప్పుడు, ఎముకల గూడులా ఉన్న మనిషొకడు వాకిట్లో నిలబడి 'కోటీ, నేనురా నాన్నని, కాసిని మంచినీళ్లియ్యరా' అంటే, నా చేత్తో పిండం పెట్టిన మనిషి మళ్లీ ఎలా వస్తాడు, దయ్యమేనని కేకపెట్టి తలుపేసి గడియ పెట్టింది నేనే."