ఇద్దరి గబ్బిలాలు

“నా గబ్బిలాలు నీ టీవీలో ఏం చేస్తున్నాయి, రస్?”

రస్సెల్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. గడియ వెయ్యడం మరిచిపోయిన తలుపు దగ్గర జోలీన్ నిలబడి ఉంది. ఆమె చూపు అతని మీద లేదు, బల్లమీది టీవీ మీద ఉంది. చీకటి గుహలో లాంతరు పట్టుకుని ఒక గని కూలీ పరుగెడుతున్నాడు. గబ్బిలాలు టపటపా రెక్కలాడిస్తూ అతన్ని తరుముతున్నాయి.

సన్నీవేల్‌లో ఆ ఏడాది ఏ పిజ్జా దుకాణానికి వెళ్లినా, చిల్లర గుప్పిట్లో పట్టుకుని జనం వరస కట్టేది ఆ ఆట ముందే. నిలువెత్తు యంత్రంలోని ఆ ఆటను, ఇళ్లల్లో టీవీకి తగిలించుకునే చిన్న పెట్టెలోకి దించే పని మార్చిలో జోలీన్‌కి అప్పజెప్పాడు మేనేజరు హాల్. “ఎవరికీ చెప్పకు. పక్కగదిలో కూడా. లాయర్లతో గొడవ,” అన్నాడు.

పక్కగది రస్సెల్‌దే.

కొండను అద్దంలో ఇరికించడం లాంటి పని అది. అసలు ప్రోగ్రాం ఎవరూ చేతికివ్వలేదు. పిజ్జా దుకాణంలో ఆడి, చూసి, నేర్చుకోవాల్సిందే. పైగా ఆ చిన్న పెట్టెకు ఒక వరసలో రెండు బొమ్మల్ని కదిలించేసరికే ఊపిరాడదు. మూడో గబ్బిలం వచ్చిందంటే అన్నీ మిణుకు మిణుకుమనేవి. తల బద్దలు కొట్టుకోగా కొట్టుకోగా జోలీన్‌కి ఒకరోజు తట్టింది. ఆ మిణుకునే రెక్కల కదలికగా మార్చేస్తే? మార్చింది. గబ్బిలాలకు ప్రాణం వచ్చింది. సంతోషం పట్టలేక, ఆట పేరు మాత్రం దాచి, ఆ కిటుకు రస్సెల్‌కి చెప్పేసింది.

అతనికి చెప్పక ఇంకెవరికి చెబుతుంది? వచ్చే వసంతంలో ఇద్దరూ ఈ ఉద్యోగాలు మానేసి, రస్సెల్ గరాజులో సొంత కంపెనీ పెట్టుకోబోతున్నారు. తమ ఆటల అట్టపెట్టెల మీద, ఇక్కడిలా కాకుండా, చేసినవాళ్ల పేర్లు పెద్దక్షరాల్లో వెయ్యాలని కూడా అనుకున్నారు.

“నీకూ ఇదే ఇచ్చాడా?” రస్సెల్ మొహం పాలిపోయింది. “ఒట్టు జోలీన్, నాకు తెలీదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు హాల్.”

“రెక్కల కిటుకు చెప్పినప్పుడైనా తెలీలేదూ?”

“నువ్వు రెక్కలన్నావు. నేను పిట్టలనుకున్నాను.”

“పిట్టలట! రోజూ నా ఎదురుగా కూచుని నా బర్రీటోలో సగం తిన్నావు. నా బుర్ర కూడా తినేశావన్నమాట.”

“అదికాదే, ఇద్దరం కలిసి హాల్ దగ్గరికి వెళ్దాం పద.”

“నీతో కలిసి చేసే పనులు అయిపోయాయి.”

జోలీన్ ఒక్కతే వెళ్లింది. హాల్ ఆమెను కూర్చోబెట్టి తలుపు మూశాడు.

“నీకు తెలియకుండా ఉంటే బాగుండుననుకున్నాను,” అన్నాడు నిట్టూరుస్తూ. “రస్సెలే వచ్చి అడిగాడు. ఆ ఆట నీవల్ల కాదు, తనకిమ్మన్నాడు. కాదనలేకపోయాను.”

“నావల్ల కాదన్నాడా? రస్సెలా?”

హాల్ తల దించుకున్నాడు. జోలీన్‌కి కన్నీళ్లు ఆగలేదు. “వాడితో కలిసి కంపెనీ పెట్టాలనుకున్నాను! మిమ్మల్నందర్నీ వదిలేసి!” అనేసి నాలిక కరుచుకుంది.

హాల్ కోప్పడలేదు. ఆశ్చర్యమైనా పోలేదు. టిష్యూల డబ్బా ఆమె ముందుకు జరిపాడు. “అందరికీ ఉండే కలలే అవి. ఇంకో మూడేళ్లు ఇక్కడే ఉంటానని సంతకం చెయ్యి. ఆట నీకే వదిలెయ్యమని అతనితో నేను చెబుతాను.”

ఆమె సంతకం చేసింది.

ఆ సాయంత్రం కార్ల దగ్గర రస్సెల్ ఆమె కిటికీ అద్దం మీద తట్టాడు. “నేను అడగలేదు జోలీన్. ఒక్కసారి నా మొహం చూసి చెప్పు, నేనలా అంటానా?” ఆమె చూడకుండానే కారు ముందుకు పోనిచ్చింది.

కొద్దిరోజులకే రస్సెల్ ఉద్యోగం మానేశాడు. ఆరిగాన్‌లో బావగారి పడవల మరమ్మతు దుకాణంలో చేరుతున్నాడన్నారు. వెళ్తూ వెళ్తూ తను చేసిన ఆట ఉన్న కార్ట్రిడ్జి ఆమె బల్లమీద పెట్టాడు. “లాంతరు వెలుగు నా దాంట్లో బాగా కుదిరింది. పనికొస్తే వాడుకో,” అన్నాడు. అతను మలుపు తిరిగేదాకా ఆగి, ఆమె దాన్ని చెత్తబుట్టలో పడేసింది.

కసి కొద్దీ పనిచేసింది. ఆకులు రాలే కాలానికి ఆట పూర్తయింది. ఆఫీసంతా చుట్టూ మూగి ఆడింది. అచ్చం పిజ్జా దుకాణంలో ఉన్నట్టే ఉందన్నారు. జోలీన్ పక్కనున్న ఖాళీ గది వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకుంది.

ఇక ఒక్క పనే మిగిలింది. ఆట మొదలయ్యేముందు తెరమీద అసలు యజమానుల పేరు వెయ్యాలి. ఆ మాటలేమిటో కనుక్కుందామని లాయరు గ్లాడిస్ గదికి వెళ్లింది. గ్లాడిస్ భోజనం చేస్తోంది.

“ఏ ఆటకమ్మాయ్?”

“గుహ ఆట. లాంతరూ, గబ్బిలాలూ.”

గ్లాడిస్ ఫోర్కు కింద పెట్టింది. “దాన్ని ఇళ్లల్లో టీవీలకు తెచ్చే హక్కులు మన పోటీ కంపెనీ కొనేసుకుందిగా, ఫిబ్రవరిలోనే! మనం ముట్టుకుంటే జైలే.”

“మార్చిలో మా ఇద్దరికీ ఈ పని ఇచ్చేటప్పటికి... హాల్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.”

“నేనే చెప్పాను, ‘అమ్మడానికి కాదులే, ఇద్దరు గరాజుకి పోకుండా చూడ్డానికి’ అన్నాడు.”